అల్యూమినియం ఫోన్ బాడీకి సిగ్నల్ పోకుండా కోటింగ్ వేయించడం ఎలా?

సిగ్నల్‌ని పెంచే కోటింగ్ అంటూ ఏదీ లేదు. చెడగొట్టేవి మాత్రం ఉన్నాయి. సొంతంగా సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద ఫోన్ బాడీ కోయించుకునేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

1 గిగాహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో రేడియో కరెంటు పైపైన సుమారు 2.6 మైక్రాన్ల లోతులోనే పారుతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ బ్యాక్ ప్లేటు మందం 0.8 మిల్లీమీటర్లు అనుకుంటే, అది ఆ లోతుకి మూడువందల రెట్లు. అందులోంచి తరంగం అవతలికి పోదు. దానిమీద ఏ రంగు వేసినా పోదు. లోహం లేని చోట మాత్రమే దానికి దారి.

1. పాత బాడీతోనే రీడింగ్ తీసుకోండి

సిగ్నల్ గీతల్ని నమ్మొద్దు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 90 అంటే హాయిగా ఉన్నట్టు, మైనస్ 110 దాటితే ఇబ్బంది మొదలైనట్టు. 3 డీబీ తగ్గితే అందే శక్తి సగమైనట్టు లెక్క. ఇంట్లో ఒకే చోట, అదే సిమ్‌తో నాలుగైదు సార్లు చూసి రాసుకోండి. అంకె ఊరికే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒక్కసారి చూస్తే చాలదు.

2. ఎక్కడ లోహం ఉండకూడదో గీసుకోండి

చాలా ఫోన్లలో యాంటెనాలు పై అంచున, కింది అంచున ఉంటాయి. 2012లో వచ్చిన ఐఫోన్ 5 వెనకవైపు చూడండి: మధ్యలో అల్యూమినియం, పైనా కిందా గాజు పట్టీలు. సొంతంగా చేసుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి నమూనా లేదు. 2013 నాటి హెచ్‌టీసీ వన్, 2014 నాటి ఐఫోన్ 6 లాగా సన్నని ప్లాస్టిక్ గీతలు చెక్కించాలని అందరికీ ఉంటుంది. ఆ ఫోన్లలో యాంటెనాని, ఆ గీతలని కలిపి డిజైన్ చేశారు. మన ఫోన్ లోపలి యాంటెనా అలా చేసింది కాదు. దాని ఎదురుగా లోహపు పట్టీ వస్తే ట్యూనింగ్ తప్పుతుంది. అందుకే ఆ రెండు అంచులూ పూర్తిగా ప్లాస్టిక్‌కే వదిలేయండి.

వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోన్ అయితే ఆ ఆశ వదులుకోవాలి, లేదా కాయిల్ మేర కిటికీ కోయించాలి. ఫోన్ తాకించి డబ్బు కట్టే ఎన్‌ఎఫ్‌సీ సంగతీ అంతే.

3. కోటింగ్ ఎంచుకోండి

నా ఓటు మామూలు అనోడైజింగ్‌కే, అంటే ఆమ్లంలో కరెంటు పంపి అల్యూమినియం పైభాగాన్నే గట్టి ఆక్సైడ్ పొరగా మార్చడం. హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో జాబ్ వర్క్‌గా చేసేవాళ్లు దొరుకుతారు. 10 మైక్రాన్లు చాలని చెప్పండి. హార్డ్ అనోడైజింగ్ 25 నుంచి 50 మైక్రాన్ల దాకా పోతుంది, చిన్న స్క్రూ రంధ్రాలు బిగుతవుతాయి.

ప్లాస్టిక్ ముక్కల్ని మాత్రం అనోడైజింగ్ అయ్యాకే అతికించండి. చివర్లో సీలింగ్ కోసం దాదాపు మరిగే నీళ్లలో ముంచుతారు; త్రీడీ ప్రింటర్‌లో తీసిన పీఎల్‌ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. రంగు పొడి చల్లి కాల్చే పౌడర్ కోటింగ్‌కీ ఇదే వరస, అక్కడ ఓవెన్ 180 డిగ్రీల పైమాటే.

ఇక ప్లాస్టిక్ కిటికీని కూడా బాడీ రంగులో కలిపేయాలనిపిస్తుంది. మామూలు రంగయితే పరవాలేదు. మెటాలిక్ సిల్వర్ వద్దు, అందులో అల్యూమినియం పొడి ఉంటుంది. బంగారు రంగులో మెరిసే టైటానియం నైట్రైడ్ పూత కరెంటుని మోస్తుంది. కిటికీ మీద పడితే కిటికీ మూసుకుపోయినట్టే.

4. కాంటాక్టుల దగ్గర పొర గీకించండి

ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. బోర్డు మీద ఉండే చిన్న స్ప్రింగ్ కాంటాక్టులు బాడీకి ఆనుకుని గ్రౌండ్ ఇస్తాయి. అనోడైజింగ్ పొర విద్యుత్తుకి అడ్డం కాబట్టి అక్కడ మల్టీమీటర్ బీప్ కొట్టదు. కొట్టేదాకా గీకాలి.

అలాగని బీప్ రాకపోతే రెండు లోహపు ముక్కలూ విడిగా ఉన్నట్టు కాదు. 10 మైక్రాన్ల పొరకి అటూ ఇటూ చదరపు సెంటీమీటరు మేర అల్యూమినియం గట్టిగా ఆనుకుంటే అది దాదాపు 800 పికోఫారడ్ల కెపాసిటర్. 1 గిగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 0.2 ఓమ్, అంటే తీగతో కలిపినట్టే. అదే అర చదరపు మిల్లీమీటరు స్ప్రింగ్ కొనకి వచ్చేసరికి ఆ అడ్డు 40 ఓమ్‌లకి చేరుతుంది. కాబట్టి విడిగా ఉండాల్సిన ముక్కల మధ్య నిజమైన ఖాళీ ఉండాలి, కలవాల్సిన చోట లోహం లోహానికే తగలాలి.

వీలైతే ఆ చోట్లకి పొర పట్టకుండా ముందే మాస్కింగ్ (కప్పి ఉంచడం) చేయించండి. లేదంటే బ్లేడుతోనో ఎమరీ పేపర్‌తోనో గీకండి, బాడీ ఫోన్‌కి బిగించక ముందే. అల్యూమినియం పొడి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, బంగారు పూత స్ప్రింగ్ తగిలే చోట బోసి అల్యూమినియం తొందరగా తుప్పు పడుతుంది. కరెంటుని పోనిచ్చే క్రోమేట్ కన్వర్షన్ పూత అక్కడ వేయించడం మేలు.

5. బిగించి మళ్లీ కొలవండి

బల్లమీద పెట్టి ఒకసారి, చేత్తో పట్టుకుని ఒకసారి చూడండి. 2010లో ఐఫోన్ 4 బయటి స్టీల్ ఫ్రేమే యాంటెనా కావడంతో, ఎడమ అంచులోని సందుని చెయ్యి తాకితే సిగ్నల్ పడిపోయేది. ఆపిల్ చివరికి ఉచితంగా బంపర్ కేసులు ఇచ్చింది. మైక్రాన్ల మందం కోటింగ్ చేయలేని పనిని ఆ కేసు చేసింది, వేలిని లోహానికి దూరంగా ఉంచి.

అన్ని బ్యాండ్లూ ఒకేలా తగ్గితే కిటికీ చాల్లేదని అర్థం. వైఫై బాగానే ఉండి 700, 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లే దెబ్బతింటే ముందు గ్రౌండ్ కాంటాక్టులు చూడండి, ఆ ఫ్రీక్వెన్సీల్లో ఫోన్ ఫ్రేమంతా యాంటెనాలో భాగంగా పనిచేస్తుంది. జీపీఎస్ ఒక్కటే మొరాయిస్తే పై అంచు ప్లాస్టిక్‌ని కాస్త పెంచి కోయించండి.