పాత కంప్యూటర్‌కి అసెంబ్లీ రాయాలంటే ముందు డీబగ్గర్ చూసుకోండి

అసెంబ్లీ అంటే ప్రాసెసర్ చిప్‌కి ఒక్కో ఆదేశాన్నీ నేరుగా రాసే భాష, ఆ రాతని బైట్లుగా మార్చే ప్రోగ్రామ్ అసెంబ్లర్. అసెంబ్లీ మొదలుపెడదామనుకున్న ప్రతి ఒక్కరూ ‘ఏ అసెంబ్లర్ మంచిదండీ’ అనే మొదట అడుగుతారు. నన్నడిగితే అది మూడో ప్రశ్న. ముందు ఏ మెషీన్ మీద రాస్తారో తేల్చుకోండి, తర్వాత ఆ మెషీన్‌కి మంచి డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి తప్పు వెతికే సాధనం) ఉన్న ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో ఆ పాత మెషీన్‌లా నడిచే ప్రోగ్రామ్) ఏదో చూడండి, అసెంబ్లర్ సంగతి ఆ తర్వాతే.

పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగ్‌లోనో 8085 ప్రాసెసర్ కిట్ ముట్టుకున్నవాళ్లయితే కళ్లు మూసుకుని జెడ్80 చిప్ వైపు రండి, అంటే ఆ చిప్‌తో 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్. రికార్డు బుక్కులో పట్టిక చూసుకుంటూ హెక్స్ కీప్యాడ్ మీద ఒక్కో బైటూ కొట్టిన ఆ చదువు వృథా పోలేదు. 8085, జెడ్80 రెండూ 8080 దారిలో వచ్చిన చిప్‌లే, అందుకే కిట్ మీద ‘ఎంవీఐ ఏ, 2’ అని రాసింది ఇక్కడ ‘ఎల్‌డీ ఏ, 2’ అవుతుందే కానీ మెమరీలో రెండింటికీ అవే బైట్లు. 8085లోని రిమ్, సిమ్ ఆదేశాలు మాత్రం మర్చిపోండి, ఆ కోడ్‌లు జెడ్80లో జంప్‌లు (కోడ్‌లో వేరే చోటికి దూకే ఆదేశాలు).

మొదటి పరీక్షకి ఐదు బైట్లు చాలు: 62, 2, 211, 254, 201. ‘ఏ’ అనే రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న గడి) 2 పెట్టు, దాన్ని అంచు రంగు మార్చే 254 పోర్టుకి పంపు, వెనక్కి వెళ్లు. మెమరీలో 32768 దగ్గర పెట్టి, మెషీన్‌లోనే ఉండే బేసిక్ భాషలో ‘రాండమైజ్ యూఎస్ఆర్ 32768’ కొడితే స్క్రీన్ చుట్టూ అంచు ఎర్రబడుతుంది. తర్వాత ఏదైనా కీ నొక్కగానే మళ్లీ పాత రంగుకి వచ్చేస్తుంది, కంగారుపడకండి, కీ చప్పుడు చేసే రోమ్ (మెషీన్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్) రొటీన్ అదే పోర్టుకి బేసిక్ దాచుకున్న అంచు రంగుని పంపుతుంది కాబట్టి అలా అవుతుంది. మీరు ఎంచుకున్న టూల్స్‌తో ఈ ఐదు బైట్లు రాసి, అసెంబుల్ చేసి, ఎమ్యులేటర్‌లో ఎర్ర అంచు చూడ్డానికి ఒక సాయంత్రం కంటే ఎక్కువ పట్టిందంటే ఆ టూల్స్ మార్చేయండి.

8085తో పరిచయం లేనివాళ్లకి 6502 చిప్ సులువు, రిజిస్టర్లు తక్కువ. ఆ కుటుంబం చిప్‌తో కమొడోర్ 64 ఉంది, బీబీసీ మైక్రో ఉంది. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలో బడులకి వచ్చినవి బీబీసీ మైక్రోలే, అందులో అసెంబ్లర్ బేసిక్‌లోనే ఉంటుంది, చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తే సరిపోతుంది.

ఇక డీబగ్గర్ ఎందుకు ముందో చెప్తాను. మా మేనల్లుడు నరసాపురం–సఖినేటిపల్లి పంటుని (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) స్పెక్ట్రమ్ మీద గేమ్‌గా రాస్తున్నాడు, వశిష్ఠ గోదావరి మీద పంటు ఈ రేవు నుంచి ఆ రేవుకి పోవాలి. ముట్టుకోకుండా వదిలేస్తే చక్కగా పోతుంది, ఏ కీ నొక్కినా పంటు బొమ్మలో ఒక చుక్క వచ్చి పడుతుంది, ఇక పోదు. ‘మావయ్యా, నేను బొమ్మ జోలికే వెళ్లలేదు, అదే మారిపోతోంది’ అంటాడు. రెండు సాయంత్రాలు కూర్చుని కోడంతా వరస పెట్టి చదివాం, ఏమీ దొరకలేదు. మూడో రోజు ఫ్యూజ్ ఎమ్యులేటర్‌లో డీబగ్గర్ తెరిచి, మారుతున్న ఆ బైటు అడ్రస్‌కి ‘బ్రేక్ రైట్ 40001’ అని పెట్టాం. వాడు కీ నొక్కాడు, టక్కున ఆగింది. ప్రోగ్రామ్ కౌంటర్ (నడుస్తున్న ఆదేశం అడ్రస్) 16384 కంటే తక్కువలో ఉంది, ఆ చోటంతా రోమ్‌దే, అంటే రాసింది వాడి కోడ్ కాదు, రోమ్. స్పెక్ట్రమ్ రోమ్ ఐవై రిజిస్టర్‌లో ఎప్పుడూ 23610 ఉంటుందనే నమ్మకంతో నడుస్తుంది, సెకనుకి 50 సార్లు కీబోర్డు చూసి, కొత్త కీ కనిపిస్తే ఐవై పక్క బైటులో ఒక బిట్ వేస్తుంది. వీడు ఐవైలో బొమ్మ అడ్రస్, 40000 పెట్టుకున్నాడు. ఐవై బదులు ఐఎక్స్ వాడాడు, చుక్క పోయింది.

అందుకే ఎమ్యులేటర్ దించుకోగానే చూడాల్సినవి ఇవి: ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున నడపగలదా, ఫలానా అడ్రస్‌లో ఎవరు రాసినా ఆగగలదా, కోడ్‌లో అడ్రస్‌లకి మీరు పెట్టుకున్న లేబుల్ పేర్లు చదవగలదా. కమొడోర్ 64కి వైస్ ఎమ్యులేటర్‌లో ఈ మూడూ ఉన్నాయి, యాక్మీ అసెంబ్లర్ వైస్‌కి సరిపోయే లేబుల్ ఫైల్ కూడా ఇస్తుంది. స్పెక్ట్రమ్‌కి ఎస్‌జాస్మ్‌ప్లస్ అసెంబ్లర్ ఇచ్చే ఎస్ఎల్‌డీ ఫైల్‌ని (ఏ లైను ఏ అడ్రస్‌లో ఉందో చెప్పేది) విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌లోని డీజాగ్ డీబగ్గర్‌కి అందిస్తే మీరు రాసిన లైను మీదే ఆగుతుంది. కానీ మొదటి నెల దాకా అంత సరంజామా అక్కర్లేదు, పాస్మో అసెంబ్లర్ చాలు, ‘టాప్‌బాస్’ ఆప్షన్ పెడితే బేసిక్ లోడర్‌తో సహా టేప్ ఫైల్ తయారుచేసి పెడుతుంది. బీబీసీకి బీబ్‌ఆస్మ్ అసెంబ్లర్ నేరుగా డిస్క్ ఇమేజ్ ఇస్తుంది, జేఎస్‌బీబ్ ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ అయినా పర్లేదు.

ఒక్కో అసెంబ్లర్‌కి ఒక్కో యాస. డేటా బైటుని యాక్మీలో ఆశ్చర్యార్థకంతో మొదలుపెడతారు, 6502కే ఉన్న మరో అసెంబ్లర్ సీఏ65లో చుక్కతో, జెడ్80 వాటిలో మామూలుగా డీబీ అనో డెఫ్‌బీ అనో. మీరు ఎవరి కోడ్ చూసి నేర్చుకోవాలనుకుంటున్నారో వాళ్లు వాడే అసెంబ్లరే తీసుకోండి, లేకపోతే ప్రతి ఉదాహరణనీ మార్చుకుంటూ కూర్చోవాల్సివస్తుంది, మ్యాక్రోలు (ఒక పేరుతో కొన్ని లైన్లు రప్పించే సౌకర్యం) ఎన్ని ఉన్నా ఆ విసుగు తీరదు. ఎడిటర్‌కి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ హాయిగా సరిపోతుంది.

అసలు మెషీన్ మీదే రాస్తామంటే స్పెక్ట్రమ్ 48కేలో అసెంబ్లర్, మీ సోర్సు, తయారైన కోడ్ అన్నీ ఇరుక్కోవాలి, ప్రోగ్రామ్ దారి తప్పిందంటే టైప్ చేసినదంతా గల్లంతు. ల్యాప్‌టాప్‌లో రాసి చివరికి మెషీన్‌లోకి ఎక్కించడమే మేలు, మధ్యలో కరెంటు పోయినా సోర్సు భద్రం. మెషీన్ కొంటే మా డెల్టా ఉప్పుగాలికి వెనక ఎడ్జ్ కనెక్టర్ (బోర్డు అంచున ఉండే లోహపు పట్టీలు) పచ్చబడి ఉందేమో చూసుకోండి, కమొడోర్ 64 అయితే పాత పవర్ సప్లై అసలు తగిలించకండి, అది పాడైతే వోల్టేజ్ పెరిగి మెమరీ చిప్‌లు పోతాయి, కొత్తది కొనండి. స్పెక్ట్రమ్‌కి ఎస్‌డీ కార్డు అడాప్టర్ లేకపోయినా ఫర్వాలేదు, టేప్ ఫైల్‌ని టేప్2వేవ్ ప్రోగ్రామ్‌తో ఆడియో చేసి ఫోన్ వాల్యూమ్ బాగా పెంచి, టేప్ రికార్డర్ తగిలించే ‘ఇయర్’ సాకెట్‌కి పెట్టండి. 48కే నిండా ఉన్న గేమ్‌కి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ కాసేపు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో రింగ్ వచ్చిందంటే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి.