కింద కార్లు, పైన చెట్లు: పార్కు కింది సెల్లార్‌లో ఏది చెడితే ఏం చేయాలి

పార్కు కింద సెల్లార్ తవ్వి కార్లు పెడదామనగానే మన కాలనీల్లో సగం మంది "వానొస్తే మునుగుతుంది" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్లు చెరువులయ్యాయో అందరం చూశాం. అయినా ఈ పద్ధతి మనకి కావాలనే నేనంటాను. రోడ్డు పక్కన నిలిపిన కార్లు కిందికి దిగితేనే పైన నీడకీ, నీళ్లు ఇంకడానికీ చోటు మిగులుతుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో మ్యూజియంపార్క్ దగ్గర భూగర్భ పార్కింగ్‌తో కలిపి కోటి లీటర్ల వాననీళ్లు పట్టే ట్యాంకు కట్టారు. మన దగ్గర కార్ల లెక్క ముందు, నీళ్ల లెక్క చివర. చాలా తిప్పలు అక్కడే మొదలవుతాయి.

వాన మొదలైన అరగంటకే ర్యాంప్ మీంచి నీళ్లు దిగుతున్నాయి

ముందు రోడ్డు చూడండి. ర్యాంప్ మొదట్లో నీళ్లు ఆపే గట్టు, కట్టిన రోజు జానెడు ఎత్తు ఉండే ఉంటుంది. తారు మీద తారు వేస్తూ పోతే రోడ్డే గట్టు ఎత్తుకి వచ్చేస్తుంది. ఇప్పటి రోడ్డు నుంచి కొలిచి గట్టుని మళ్లీ లేపాలి, కార్ల అడుగు తగలకుండా రెండువైపులా వాలు ఇవ్వాలి. దాని వెనక ర్యాంప్ వెడల్పంతా జాలీ కాలువ ఉండాలి. పెద్ద వాన రోజున అడ్డంగా పలకలు దించడానికి రెండు గోడలకీ గాడి పెట్టించుకుంటే ఇసుక బస్తాల కోసం పరిగెత్తే పని ఉండదు.

జాలీ ఉన్నంత మాత్రాన నీళ్లు పోతాయని నమ్మకండి. ఒకచోట నేను పలుగుతో జాలీ లేపించి చూశాను. అడుగు లోతు కాలువలో ముప్పావు వంతు గట్టిపడిన సిమెంటు పాలు, దాని మీద వేపాకు, గుట్కా పొట్లాలు. పైపులోకి బొటనవేలు దూరేంత సందే మిగిలింది. అక్కడి కాలనీ కమిటీ నీళ్లు తోడే పెద్ద మోటారు కొనడానికి చందాలు వేసుకుంటోంది. ఇద్దరు మనుషులు ఒక పూట పనిచేస్తే కాలువ బాగైంది, మోటారు అవసరమే పడలేదు.

మోటార్లు మాత్రం ఎప్పుడూ రెండు ఉండాలి, ఒకటి ఆగితే రెండోది అందుకునేలా. వాటి స్విచ్‌బోర్డు సెల్లార్ అడుగున ఉంటే నీళ్లలో ముందు మునిగేది అదే. బోర్డునీ జనరేటర్‌నీ పైకి మార్చండి. నాలాలోకి పోయే పైపుకి నీళ్లని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోతే, నాలా పొంగినప్పుడు అదే పైపులోంచి నీళ్లు వెనక్కి వస్తాయి.

అసలు పరిష్కారం పైన మైదానంలో ఉంది. ఎకరం స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లు. అందులో అర ఎకరాన్ని చుట్టూ ఉన్న దారి కంటే జానెడు లోతుకి దించితే ఆ నీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. పిల్లలు ఆడుకునే గుంట మైదానం వాన రోజున చెరువు అవుతుంది, తర్వాత మెల్లగా ఇంకుతుంది. దాన్ని స్లాబ్ మీద కాకుండా, కింద సెల్లార్ లేని మట్టి నేల మీద పెట్టాలి. అందుకే స్థలమంతా తవ్వొద్దని నేను పోట్లాడతాను.

స్లాబ్ నుంచి చుక్కలు, కార్ల మీద తెల్ల మరకలు

కాంక్రీటులోంచి కారే నీళ్లు సున్నాన్ని కరిగించుకుని వస్తాయి, అవే ఆ మరకలు. కింద నుంచి సిమెంటు మెత్తితే ఇక్కడ ఆగి రెండు గజాల అవతల కారుతుంది. కింద నుంచి పగుళ్లలోకి మందు ఎక్కించే ఇంజెక్షన్ కొట్టించడం కూడా వానాకాలం గడవడానికే. లోపం పైనే ఉంటుంది, ఎక్కువగా నీళ్లు పోయే పైపు స్లాబ్‌ని దాటే చోటా, జాయింట్ల దగ్గరా. పైన పైపుల దగ్గర రంగు నీళ్లు పోసి, ఏ చుక్కలో రంగు వస్తుందో చూసి, అక్కడ మట్టి తీయించండి. కొత్తగా కడుతుంటే మట్టి వేసేముందే స్లాబ్ మీద రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. వాటర్‌ప్రూఫింగ్ మీద వేర్లు గుచ్చుకోకుండా ఒక పొర, దానిపైన నీళ్లు పారే పొర, ఆపైన వడగట్టే గుడ్డ, తర్వాతే మట్టి.

ఏప్రిల్ రాగానే చెట్లు ఎండిపోతున్నాయి, గాలికి ఒరుగుతున్నాయి

మట్టి చాలట్లేదు. గడ్డికి అడుగు, పొదలకి రెండడుగులు చాలు కానీ చెట్టుకి కనీసం నాలుగడుగులు కావాలి. తడిసిన మట్టి నాలుగడుగులంటే చదరపు మీటరుకి రెండు టన్నులు దాటుతుంది. కట్టేసిన స్లాబ్ మీద ఇంజనీరుని అడగకుండా మట్టి పెంచితే ప్రాణాలకే ముప్పు. పెద్ద చెట్లన్నీ స్లాబ్ లేని నేలలో పెట్టండి. వేప, కానుగ, పొగడ మన ఎండకి తట్టుకుంటాయి. రావి, మర్రి మాత్రం స్లాబ్ దగ్గరికి రానివ్వకండి.

వాన లేకపోయినా సెల్లార్ నేలలో ఊట

హైదరాబాద్‌లో మన కింద ఉన్నది గ్రానైట్. షీట్ రాక్‌లో, అంటే పరుపు బండలో, తవ్విన గుంత రాతి తొట్టిలాంటిది, మొరంలోంచీ రాతి పగుళ్లలోంచీ వచ్చిన నీళ్లు గోడ చుట్టూ చేరి నేలని కింద నుంచి తోస్తాయి. ఒక మీటరు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకి ఒక టన్ను తోపుడు. పగుళ్లు మూసేస్తే ఆ ఒత్తిడి ఇంకోచోట బయటపడుతుంది. గోడ చుట్టూ కాలువ కట్టి ఆ నీళ్లని సంప్‌లోకి తెచ్చి మొక్కలకి వాడండి. ఇంకుడు గుంత గోడ పక్కనే ఉందేమో కూడా చూడండి. ఉంటే దాన్ని దూరంగా మార్చాలి.

పైన బెంచీలు ఖాళీ

సెల్లార్ పొగ గొట్టం బెంచీల వైపు తెరుచుకుంటోందా? మనుషులు నడవని అంచుకి తిప్పించండి. నీడ లేని చోట గ్రానైట్ పలకలు సాయంత్రం దాకా సెగ కక్కుతాయి, అక్కడ ఎవరూ కూర్చోరు.

మృగశిర కార్తెకి వారం ముందు ఒక ట్యాంకరు పిలిపించి, నీళ్లు ర్యాంప్ మొదట్లో ఒక్కసారిగా వదలండి. ఒకరు పైన జాలీ దగ్గర, ఒకరు కింద సంప్ దగ్గర నిలబడి నీళ్లు ఏ దారిన పోతున్నాయో చూడండి. మెయిన్ కరెంటు ఆపి జనరేటర్ మీద మోటారు నడుస్తోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.