కొత్త ఏడాది ఫోటో లక్ష్యాలు మధ్యలోనే ఆగిపోతున్నాయా? సమస్య - పరిష్కారం

డిసెంబరు చివర్లో డైరీలో రాసుకున్న ఫోటోగ్రఫీ లక్ష్యం సంక్రాంతి అరిసెలు అయిపోయేలోపే అటకెక్కుతోందంటే అది మీ బద్ధకం కాదు, చాలావరకు రాసుకున్న తీరులోనే లోపం ఉంటుంది. నేను విజయవాడలో ఉంటాను, ఆరేళ్లుగా ప్రతి జనవరిలోనూ ఏదో ఒకటి రాసుకుంటున్నాను. వాటిలో నిలబడినవన్నీ ఎక్కడికి వెళ్లాలో, ఏ రోజు వెళ్లాలో కూడా రాసుకున్నవే. మిగతావి ఎలా ఆగిపోయాయో, వాటిని ఎలా సరిచేసుకున్నానో చెబుతాను.

సమస్య: రోజుకో ఫోటో అనుకున్నాను, మూడో వారంలోనే ఆగిపోయింది

కారణం: 365 రోజుల లెక్కలో ఊపిరి పీల్చుకునే చోటు లేదు. ఒక్క రోజు జ్వరమొచ్చినా, పండక్కి ఊరెళ్లి కెమెరా బయటకు తీయకపోయినా గొలుసు తెగుతుంది, తెగాక మళ్లీ మొదలుపెట్టాలనిపించదు. పైగా రాత్రి పదకొండింటికి గుర్తొచ్చి, లెక్క కోసం టేబుల్ మీదున్న నీళ్ల సీసాని తీసి పడుకుంటాం. దానివల్ల చేయి తిరగదు.

పరిష్కారం: వారానికి ఒకటి చాలు, అదీ 52 కాదు, 48 పెట్టుకోండి. నాలుగు వారాలు పెళ్లిళ్లకీ, జ్వరాలకీ, పరీక్షలకీ ముందే వదిలేయండి. విషయం మాత్రం ఒక్కటే ఉండాలి. ఒక ఏడాది నేను వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల పనిచేసేవాళ్ల చేతులే తీశాను. మొదటి నెల బెరుకుగా దూరం నుంచి తీసినవాడిని, వేసవి వచ్చేసరికి హమాలీలే "ఏం బాబూ, ఈ వారం రాలేదేంటి" అని అడిగే దాకా వచ్చాను, ఫోటోల్లో తేడా అక్కడి నుంచే కనిపిస్తుంది.

సమస్య: "ఈసారి బాగా తీయాలి" అని రాసుకున్నాను, బాగుపడ్డానో లేదో తెలియట్లేదు

కారణం: బాగా అంటే ఏమిటో రాసుకోలేదు.

పరిష్కారం: దీనికి ఒక పూట కూర్చోవాలి. పోయిన ఏడాది ఫోల్డర్ తెరిచి, చెడిపోయిన ఫోటోలు ఒక ముప్ఫై పక్కకు తీయండి, డిలీట్ చేయకండి. ఒక్కోదానికీ ఎందుకు చెడిందో రెండు మాటల్లో రాయండి: కదిలింది, నల్లబడింది, వెనకాల స్తంభం వచ్చింది, ఫోకస్ తప్పింది. ఏ కారణం ఎక్కువసార్లు వస్తే అదే మీ కొత్త ఏడాది లక్ష్యం.

నాకు తేలింది ఇదీ. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో తీసిన గూడబాతుల ఫోటోల్లో సగానికి పైగా రెక్కలు మసకగా ఉన్నాయి, ఇన్నాళ్లూ లెన్స్ మంచిది కాదనుకున్నాను. ఫోటో ఫైల్ వివరాలు చూస్తే షట్టర్ (కెమెరా వెలుగుని లోపలికి వదిలే సమయం) సెకనులో 200వ వంతు దగ్గరే ఉంది. కూర్చున్న పక్షికి అది సరిపోవచ్చు, ఎగిరేదానికి సరిపోదు. సెకనులో 1000వ వంతు, కుదిరితే ఇంకా వేగంగా పెట్టి, ఐఎస్ఓని (కెమెరా వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేసి, కదిలే వాటిని వెంబడించే ఫోకస్ మోడ్ వాడితే అదే లెన్స్‌తో ఈకలు విడివిడిగా వచ్చాయి. ఫోటోలో గింజల్లాంటి చుక్కలు కనపడతాయని ఐఎస్ఓ పెంచడానికి భయపడేవాడిని, కానీ గింజలున్న ఫోటోని కొంత సరిచేయొచ్చు, కదిలిపోయిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు.

అలాగే జనవరి పొగమంచు, వాకిట్లో తెల్ల ముగ్గు నల్లగా, మురికిగా వస్తున్నాయంటే కెమెరా తెలుపుని చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తోందన్నమాట. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కేసిన వెలుగుని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ ఒకటి దాకా పెంచండి. గుంటూరు మిర్చి యార్డులో దీనికి తిరగబడుతుంది, ఎరుపు రంగు ముద్దగా అయిపోయి కాయకీ కాయకీ తేడా కనిపించదు. అక్కడ కొంచెం తగ్గించి తీయండి, ఆ ఘాటు దుమ్ములో లెన్స్ మార్చే పని మాత్రం పెట్టుకోకండి.

సమస్య: మన ఊళ్లో తీయడానికేముంది, ఎక్కడికైనా వెళ్తేనే కెమెరా బయటకొస్తోంది

కారణం: లక్ష్యాన్ని ప్రయాణానికి ముడిపెట్టారు. సెలవూ డబ్బూ కలిసొచ్చేది ఏడాదికి ఒకటో రెండోసార్లు, మిగతా పది నెలలూ చేయి మొద్దుబారుతుంది.

పరిష్కారం: ఒకే చోటికి నెలకోసారి వెళ్లండి. నేను ఎంచుకున్నది ప్రకాశం బ్యారేజీ. 1957లో కట్టిన ఆ వంతెన మీద రోజూ బండి మీద వెళ్తూ కూడా నేను చూడనిదేమిటంటే, సూర్యుడు ఏడాదంతా ఒకేచోట దిగడు. జనవరిలో నైరుతి మూలకు ఉండేవాడు జూన్ నాటికి వాయవ్యానికి జరుగుతాడు, కాబట్టి ఎగువ నీళ్ల మీద వెలుగు దారి నెలనెలా మారుతుంది. వరదొచ్చి గేట్లు ఎత్తిన రోజు నది వేరు, ఎండాకాలం దిగువన ఇసుక తేలిన రోజు వేరు. జనవరిలో పొద్దు ఆరూ నలభై ప్రాంతంలో పొడుస్తుంది, అంటే ఆరుంపావుకి అక్కడుంటే చాలు. మేలో ఐదున్నర దాటితే తెల్లవారిపోతుంది, అందుకే కష్టమైన నెలల్ని సాయంత్రాలకు మార్చుకోండి.

మన క్యాలెండర్‌నే లక్ష్యాల పట్టికగా వాడుకోవచ్చు. భోగి మంటలు, మిర్చి రోజులు, ఏప్రిల్-మే నెలల్లో నున్న మామిడి మార్కెట్, దసరాకి ఇంద్రకీలాద్రి, కార్తీకంలో తెల్లవారుజామున ఘాట్లలో దీపాలు. అమావాస్య పౌర్ణములు ముందే తెలుసు కదా, ఆఫీసు సెలవు ముందే పెట్టుకోండి. స్నానాలు చేసేవాళ్ల వైపు కెమెరా తిప్పకండి, దీపం పెట్టేవాళ్లని కూడా అడిగే తీయండి.

సమస్య: కొత్త లెన్స్ కొంటేగానీ మొదలుపెట్టలేనేమో

పోయిన ఏడాది మీకు నచ్చిన యాభై ఫోటోలు ఏ ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె) తీశారో చూడండి. అన్నీ కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ మధ్యలోనే ఉంటే కొత్తది అక్కర్లేదు. అన్నీ జూమ్ చివరి అంకె దగ్గరే ఆగుంటే అప్పుడు ఆలోచించండి, అదీ ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని చూశాకే. లైకులు, బహుమతులు లక్ష్యాలుగా రాసుకోకండి, అవి మన చేతిలో లేవు.

సమస్య: వేలల్లో తీశాను, చేతిలో ఒక్క ఫోటో లేదు

కారణం: తీయడమే లక్ష్యంగా పెట్టుకున్నాం, ఏరుకోవడం, దాచుకోవడం, ప్రింట్ వేయించడం పెట్టుకోలేదు.

మా తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మ ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు. నా హార్డ్ డిస్కులో కృష్ణ మీద సూర్యాస్తమయాలు వందల్లో ఉన్నాయి, తాతయ్య ఒంటరిగా, సూటిగా చూస్తున్న ఫోటో ఒక్కటీ లేదు. చివరికి ఆధార్ కార్డులోది పెద్దది చేయించాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ తర్వాతి జనవరి నుంచి నా మొదటి లక్ష్యం ఎప్పుడూ ఇదే: నెలకొకరి చొప్పున ఇంట్లోవాళ్లు, చుట్టాలు, పక్కింటివాళ్లు, మొత్తం పన్నెండు మంది. తీసిన నెలలోనే ప్రింట్ వేయించి వాళ్ల చేతికివ్వాలి. ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా బయట ఎక్కడైనా ఉంటే మంచిది.

పెద్దవాళ్లు "నన్నెందుకురా, ఇప్పుడేం బాగున్నాను" అంటారు. స్టూలు వేసి కూర్చోబెట్టి భంగిమ చెప్పకండి. పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చిక్కుడుకాయలో, పూలో చేతికిచ్చి కబుర్లు చెప్పండి, ఫ్లాష్ వద్దు, ఫోకస్ కంటి మీద ఉండాలి, ఫోన్ అయినా సరిపోతుంది. మొదటి పది నిమిషాల్లో తీసినవి బిగుసుకున్నట్టే వస్తాయి, లేవకుండా ఇంకాసేపు కూర్చోండి.