పేలే వాయువులున్న చోట రేడియో పరికరం బిగించడం ఎలా?

ఉత్తర చెన్నైలోని మణలి, ఎన్నూరు వైపు రిఫైనరీ, పెట్రోకెమికల్ పనులకు వచ్చే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ట్యాంకు మట్టం, పీడనం వంటి రీడింగులను తీగ లేకుండా కంట్రోల్ రూముకు పంపే రేడియోను బిగించమన్నప్పుడు, స్పానర్ కంటే ముందు ప్లాంటు జోన్ డ్రాయింగు, అంటే పేలే వాయువు ఎక్కడెక్కడ చేరవచ్చో గీసి చూపే పటం, అడిగి తీసుకోండి.

పేలే వాయువు ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0. మామూలుగా పని నడుస్తుండగా అప్పుడప్పుడు చేరేది జోన్ 1. అరుదుగా, కొద్దిసేపు మాత్రమే ఉండేది జోన్ 2. రేడియో పెట్టెను డ్రాయింగులోని ఈ జోన్ గీతల బయటికి జరిపే వీలుంటే జరిపేయండి. కేబుల్ ఖర్చని గొణిగేవాళ్లు గొణుగుతూనే ఉంటారు.

వీలు లేకపోతే పరికరానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉందో లేదో చూసి, లేబుల్ చదవండి. టీ4 అని ఉంటే పరికరం ఉపరితలం వేడి 135 డిగ్రీల సెల్సియస్ దాటదు. సర్టిఫికెట్ నంబరు చివర ‘ఎక్స్’ ఉంటే ప్రత్యేక షరతులున్నట్టే. అవి చదవకుండా పెట్టె విప్పకండి.

ఎక్కువమంది తడబడేది యాంటెన్నా దగ్గర. ఫ్లేమ్‌ప్రూఫ్ ఇనుప పెట్టె లోపలి నిప్పురవ్వను బయటి వాయువుకు అంటనివ్వదు, కానీ రేడియో తరంగాలనూ ఆపేస్తుంది. అలాగని పెట్టెకు కొత్త రంధ్రం వేస్తే సర్టిఫికెట్ చెల్లదు. యాంటెన్నా బయటే ఉండాలి. లోపలి లోపం వల్ల విద్యుత్తు దానిదాకా పాకకుండా సర్టిఫై చేసిన ఐసొలేటర్ మధ్యలో ఉండాలి. రేడియో పవర్‌ను యాంటెన్నా గెయిన్‌తో, అంటే యాంటెన్నా సిగ్నల్‌ను ఒక దిక్కుకు ఎన్ని రెట్లు పెంచుతుందో దానితో, కలిపి లెక్కవేయండి. పేలే వాయువుల చోట వాడే పరికరాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60079-0 ప్రకారం పరిమితి ప్రొపేన్ వర్గానికి 6 వాట్లు, ఇథిలీన్‌కు 3.5, హైడ్రోజన్‌కు 2. ఒక వాట్ రేడియోకు 6 డెసిబెల్ గెయిన్ ఉన్న యాంటెన్నా తగిలిస్తే దాదాపు 4 వాట్లవుతుంది. అంటే ప్రొపేన్ దగ్గర చెల్లినది ఇథిలీన్ దగ్గర చెల్లదు.

ఇక బిగింపు. వర్క్ పర్మిట్, గ్యాస్ పరీక్ష, కరెంటు కట్టేసి తాళం వేయడం అయ్యాకే పెట్టె తెరవండి. మూత అంచుల మీద గీతలు పడకూడదు, రంగు తగలకూడదు. ఒక్క బోల్టు తగ్గినా మూత మూసినట్టు కాదు. వాడని రంధ్రాలను సర్టిఫై చేసిన ప్లగ్గులతోనే మూయండి. ఎన్నూరు ఉప్పుగాలికి ఎర్త్ తీగ కొసలు త్వరగా తుప్పు పడతాయి, వాటికి గ్రీజు పూయండి. ప్లాస్టిక్ యాంటెన్నాను పొడిగుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది కాబట్టి తడిగుడ్డే వాడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఉరుములుంటాయి గనుక మెరుపు రక్షణ పరికరాన్ని జోన్ బయట పెట్టడం మేలు.

చివరగా పవర్ సెట్టింగుకు పాస్‌వర్డ్ పెట్టండి. సిగ్నల్ అందడం లేదని రాత్రి షిఫ్టులో ఎవరైనా దాన్ని పెంచేస్తే, మీరు వేసిన లెక్క అక్కడితో చెల్లదు.