ఆఫ్రికా కళాఖండానికి మ్యూజియం లేబుల్ ఎలా రాయాలి

ముందు వస్తువును జాగ్రత్తగా వెనక్కి తిప్పి చూడండి. పాత నంబర్లు, అతికించిన చీటీలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, ఒక్కోటీ ఫోటో తీసి ఆ వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో సంవత్సరాల వారీగా రాసుకోండి. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఊహతో పూడ్చొద్దు.

ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యపు ఇత్తడి ఫలకమైతే 1897 దగ్గర ఆగాల్సిందే. ఆ ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరాన్ని పట్టుకుని, రాజభవనాన్ని దోచి, ఆ ఏడాదే తర్వాత రాజు ఒవొన్‌రామ్వెన్‌ను దేశబహిష్కరణ చేసి కలబార్ పట్టణానికి పంపేసింది, వేల వస్తువులు యూరప్ అంతా చెల్లాచెదురయ్యాయి. ఈ సంగతి లేబుల్ మొదటి రెండు లైన్లలోనే రావాలి, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. మీ ఫలకాన్ని, అలా చెల్లాచెదురైన వస్తువులను ఆన్‌లైన్‌లో నమోదు చేసిన డిజిటల్ బెనిన్ డేటాబేస్‌లోని 5,000కు పైగా వస్తువులతో పోల్చి చూడండి.

ఇక శిల్పి పేరు. "యోరుబా తెగ కళ" అని రాసి చేతులు దులుపుకోవడం నాకు అస్సలు నచ్చదు. నైజీరియాలోని యోరుబా పట్టణం ఇకెరె రాజభవనం తలుపులే చూడండి, సింహాసనం మీద రాజు, ఎదురుగా మోతగాళ్ళ మీద ఊరేగి వస్తున్న బ్రిటిష్ అధికారి, అన్నీ చెక్కలోంచి ముందుకు పొడుచుకొచ్చినట్టుంటాయి. 1924లో లండన్‌లోని వెంబ్లీ ఎగ్జిబిషన్‌లో పెట్టారు. చెక్కింది ఇసె అనే ఊరికి చెందిన ఒలోవె. పేరు నిజంగా దొరక్కపోతే "పేరు నమోదు చేయలేదు" అనండి, ఆ తప్పు సేకరించినవాళ్ళది.

ముసుగుకైతే దానితో వేసే దుస్తులు, ఆట, పాట కూడా చెప్పండి. అచ్చుకిచ్చే ముందు ఆ సమాజం వాళ్ళకి చదివి వినిపించండి, బెనిన్ నగరంలో ఇగున్ వీధి పోతపనివాళ్ళు ఇప్పటికీ ఇత్తడి పోస్తూనే ఉన్నారు.