మార్కెటింగ్ డైరెక్టర్ కావాలంటే ఏం చదవాల, యాడ మొదలుపెట్టాల

మా అనంతపురంలో డిగ్రీ అయిపోయిన పిల్లోళ్లు చానామంది అడుగుతుంటారు, అన్నా మార్కెటింగ్ డైరెక్టర్ కావాలంటే ఏ కోర్సు చేయాల అని. ఎంబీఏ చేస్తే మంచిదే, కానీ అసలు పని నేర్చుకునేది కిరాణా అంగడి ముందర నిలబడే.

ముందు చదువు సంగతి. ఏ డిగ్రీ అయినా పర్లేదు, బీకాం, బీబీఏ అయితే కొంచెం ఈజీ, బీటెక్ వాళ్లు కూడా చానామంది ఈ లైన్లోకి వస్తారు. తర్వాత ఎంబీఏ ఎంట్రన్స్ ఏపీ ఐసెట్ రాయండి, 200 ప్రశ్నలు, రెండున్నర గంటల టైమ్, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు. ర్యాంకును బట్టి మన ఎస్కే యూనివర్సిటీలోనో, కడప యోగి వేమనలోనో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలోనో ఎంబీఏ చేయొచ్చు. ఇంకా పెద్ద కాలేజీ కావాలనుకుంటే నవంబర్లో జరిగే క్యాట్ రాయండి, అది ఐఐఎంల ఎంట్రన్స్, 2015లో మొదలైన ఐఐఎం విశాఖలో సీటు కూడా దాంతోనే. సెకండియర్లో మార్కెటింగ్ తీసుకున్నా ఫైనాన్స్ మాత్రం వదిలిపెట్టొద్దండి, ఎందుకంటే డైరెక్టర్ అయినాక ఎండీ ముందర కూర్చొని ఈ బడ్జెట్ ఎందుకు, దీన్నుంచి ఎంతొస్తాది అని లెక్క చెప్పాల్సింది మీరే.

ఇంక అసలు సంగతి, మొదటి ఉద్యోగం సేల్స్‌లోనే పట్టండి. ఎండలో తిరగాల, నిజమే, కానీ ఆ రెండు మూడేళ్లు ఇంక యాడా దొరకవు. నాకు ధర్మవరం బీట్, అంటే ఆర్డర్ల కోసం తిరగాల్సిన అంగళ్ల రూటు, ఇచ్చినారు, మొదటి నెల డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నిండా సరుకు దించి టార్గెట్ కొట్టేసినా అనుకున్నా, రెండో నెల ఒక అంగడాయన దగ్గరికి ఆర్డర్ కోసం పోతే "సామీ, పోయిన నెల ఇచ్చిన డబ్బాలు అట్లే అటక మీద ఉండాయి, చూడు" అని స్టూలేసి చూపించినాడు, డబ్బాల మీద దుమ్ము కూడా తుడవలేదు. డిస్ట్రిబ్యూటర్‌కి పోయేది ప్రైమరీ సేల్, అంగడికి పోయేది సెకండరీ సేల్, జనం కొనకపోతే రెండూ ఆగిపోతాయి, ఇది నాకు ఆ స్టూల్ పక్కన నిలబడినప్పుడే అర్థమైంది.

స్కీములు కూడా ఆడే నేర్చుకుంటారు. 12 కొంటే 1 ఫ్రీ అంటే చానామంది 8.3 శాతం డిస్కౌంట్ అనుకుంటారు, కాదు, అంగడాయన 13 పీసులు 12 రేటుకి తీసుకుంటున్నాడు, అంటే 7.7 శాతం. లక్షల పీసుల మీద ఈ తేడా చిన్నది కాదు.

డిజిటల్ మార్కెటింగ్, అంటే ఆన్‌లైన్ యాడ్లు, కూడా రావాల. గూగుల్ ట్రైనింగ్ సైట్ స్కిల్‌షాప్‌లో కోర్సులు ఫ్రీగా ఉన్నాయి, చేయండి, కానీ సర్టిఫికెట్‌తో ఆగిపోకుండా తెలిసినోళ్ల పట్టుచీరల అంగడికి సొంతంగా ఒక యాడ్ వేసి చూడండి. 500 పెట్టినారు, 25 ఫోన్లు వచ్చినాయి, ఇద్దరు కొన్నారు అనుకోండి, ఒక్కో అమ్మకానికి 250 ఖర్చు, చీర మీద 400 మిగిలితే నడుస్తాది, 200 అయితే ఆపేయాల. పెద్ద కంపెనీలో కోట్లతో చేసేది కూడా ఈ లెక్కే.

తర్వాత ఏరియా సేల్స్ మేనేజర్, ఆడినుంచి బ్రాండ్ మేనేజర్, మార్కెటింగ్ మేనేజర్, హెడ్, ఇట్లా పోవాల, మామూలుగా 12, 15 ఏళ్లు పడతాది, తొందరపడి ఏడాదికొక కంపెనీ మారొద్దండి. ఇంకొకటి, కార్డు మీద డైరెక్టర్ అని ఉన్నంత మాత్రాన కంపెనీ బోర్డులో ఉన్నట్టు కాదు, 2013 కంపెనీల చట్టం కింద బోర్డు డైరెక్టర్‌కి డిన్, అంటే డైరెక్టర్ గుర్తింపు నంబర్, ఉండాల, బాధ్యతలు కూడా వేరే, ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు ఏ డైరెక్టరో అడిగి తెలుసుకోండి.

ఈలోపు బీట్‌లో ఉన్నన్ని రోజులు ఒక నోట్‌బుక్ పెట్టుకొని ఏ అంగట్లో ఏం కదిలింది, ఏది అటకెక్కింది, ఎందుకు అని రాసుకోండి, బ్రాండ్ మేనేజర్ ఇంటర్వ్యూకి పోయేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు దాన్ని కూడా పట్టుకొనిపోండి.