చేతికి 40,000 జీతం: దాచుకుంటూనే సరదాగా ఉండాలంటే ఎలా చేయాలి?

పాతికేళ్ల వయసులో అన్ని సరదాలూ చంపుకుని కూడబెట్టే పద్ధతి ఎక్కువ కాలం నిలవదు. ఎప్పుడో ఒక పండగ ఆఫర్‌కో, గోవా ట్రిప్పుకో ఆరు నెలల పొదుపు ఊడ్చుకుపోతుంది. అందుకే సరదాకూ మొదటి తారీఖునే వాటా తీసి పెట్టాలి.

మాదాపూర్‌ హాస్టల్లో ఉంటూ నెలకు 40,000 అందుకునే ఉద్యోగి లెక్క చూద్దాం. అద్దె, తిండి, మెట్రో, ఫోను కలిపి 20,000. ఇంటికి 4,000. పొదుపు 10,000. సరదాకు 6,000.

1. ముందు గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ దింపుకుని ప్రతి ఖర్చు పక్కనా పెన్నుతో గుర్తు పెట్టండి: తప్పనిసరి, సరదా, గుర్తులేదు. ఈ మూడోదే అసలు చిల్లు. రాత్రి పదకొండింటికి తెప్పించుకున్న బిర్యానీ బిల్లు ఒకటి తెరిచి చూడండి. బిర్యానీ ధర మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు, జీఎస్టీ వరసగా కనిపిస్తాయి.

2. ఇంకో బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవండి. జీతం పడ్డ మర్నాడే 6,000 అందులోకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. సినిమా, హోటల్, బట్టలు అన్నిటికీ ఈ ఖాతా నుంచే యూపీఐ. ఇందులో 2,500 ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కడితే ఏడాదికి 30,000, పైన వడ్డీ. ట్రిప్పుకు అప్పు అక్కర్లేదు. మిగతా 3,500 నెలాఖరుకు సున్నా అయినా బాధపడొద్దు. మిగిలితే పొదుపులో కలపకండి, వచ్చే నెల సరదాకే ఉంచండి. ఈ నియమం తప్పితే సరదా ఖాతా పేరుకే మిగులుతుంది.

3. మొదటి పది నెలల పొదుపు మొత్తం అత్యవసర నిధికే. తప్పనిసరి ఖర్చూ ఇంటికి పంపేదీ కలిపి నెలకు 24,000 కాబట్టి లక్ష ఉంటే నాలుగు నెలలు గడుస్తుంది. దాన్ని ఒకే ఎఫ్‌డీగా కాక 25,000 చొప్పున నాలుగు చేయండి. అవసరపడితే ఒక్కటే విరగ్గొట్టొచ్చు, మిగతా మూడింటి వడ్డీ చెడదు. ఈ మెట్టు దాటేసి నేరుగా పీపీఎఫ్‌లో (15 ఏళ్ల ప్రభుత్వ పొదుపు పథకం) పోసినవాళ్లు ఆసుపత్రి ఖర్చు రాగానే క్రెడిట్ కార్డు గీకుతారు. మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ పోతే చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే వడ్డీ. పీపీఎఫ్‌లో వచ్చేది ఏడాదికి 7.1 శాతం!

4. ఆ తర్వాత 5,000 పీపీఎఫ్‌కు, 5,000 ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌కు, అంటే నెలనెలా కట్టే వాయిదాకు. పీపీఎఫ్ సొమ్ము 5వ తేదీలోపు పడాలి; 6న వేస్తే ఆ నెల దానికి వడ్డీ రాదు. వడ్డీ రేటు ఇలాగే ఉంటే 15 ఏళ్లలో కట్టిన 9 లక్షలు దాదాపు 15.8 లక్షలవుతాయి. సిప్‌లో అలాంటి హామీ ఉండదు, ఏడేళ్లలోపు అవసరమయ్యే డబ్బు అందులో పెట్టొద్దు.

ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ (జీతంలోంచి కోసే భవిష్య నిధి) తీసేసి బైకు కొనడం బాగా కనిపించే పొరపాటు. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకముందు తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది. అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది.

5. జీతం పెరిగిన నెలలోనే పెంపులో సగం పొదుపుకు, పావు వంతు సరదాకు మార్చేయండి. 4,000 పెరిగితే సిప్ 7,000, సరదా 7,000. మిగతా వెయ్యి పెరిగే హాస్టల్ అద్దెకు.